కూర్చున్నాక ఇరుసు ఎంత ఎత్తున ఉంది?

నా మౌంటెన్ బైకు కుడి పెడల్‌ను తిప్పి చూస్తే నేను ఎక్కడెక్కడ తిరిగానో చెప్పేయవచ్చు. బయటివైపు ముందు మూలన నల్లరంగు పూర్తిగా పోయి, లోపలి అల్యూమినియం తళతళలాడుతోంది. ఎడమ పెడల్ మాత్రం నిన్న కొన్నదానిలా ఉంది. తోటపల్లి కాలువ గట్టు మీద గరివిడి వైపు వెళ్ళేటప్పుడు ఎడమచేతి వైపు నీళ్ళు, కుడిచేతి వైపు పూడిక తీసి పోసిన మట్టికట్ట ఉంటాయి. తిరుగు ప్రయాణం తారు రోడ్డు మీద. కాబట్టి ఆ మట్టికట్టలోని రాళ్ళన్నీ కుడి పెడల్‌కే రాసిపెట్టి ఉన్నాయి. పెద్ద పళ్ళచక్రం సంగతి ఇంకా తమాషా. నలభై రెండు పళ్ళలో వరుసగా నాలుగింటి కొసలు మాత్రమే మొద్దుబారాయి. దారికి అడ్డంగా ఏదైనా వస్తే నేను ఎప్పుడూ కుడికాలు ముందు, ఎడమకాలు వెనక ఉంచి లేచి నిలబడతాను. అప్పుడు చక్రం అడుగుకు వచ్చేవి ఎప్పుడూ ఆ నాలుగే.

ఈ రెండు గుర్తులూ రెండు వేర్వేరు సమస్యలవి. తొక్కుతూ పోతున్నప్పుడు కిందికి దిగిన పెడల్ రాయికి తగలడం ఒకటి. తొక్కడం ఆపి, పెడళ్ళు సమంగా ఉంచి, మెట్టు లాంటిదాన్ని దాటుతుంటే బండి నడుము ఆనడం రెండోది. మొదటిదానికి కావలసిన మార్పు ఒకటి, రెండోదానికి మరొకటి. రెండింటినీ కలిపి ‘బండి ఎత్తు చాలడం లేదు’ అని ఒక్కమాటలో అనేసుకుంటే చేతికి తోచే పరిష్కారం పెద్ద ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకొని గుంటల్లో నొక్కుకొని లేచే రెండు కాళ్ళ భాగం. నేను వెళ్ళే సైకిలు షాపు పెద్దాయన కూడా అదే చెప్పాడు: ‘అమ్మా, ముందు ఫోర్కు 120ది వేయించుకోండి, బండి లేస్తుంది.’ లేచే మాట నిజమే. ఎంత లేస్తుంది, ఎక్కడ లేస్తుంది, దానికి ఏమి పోతుంది అన్నవే అసలు ప్రశ్నలు.

నా ఉద్యోగం కాలువల మీద. లెవెల్ పెట్టి, స్టాఫ్ (అంకెలున్న కొలకర్ర) నిలబెట్టి, గట్టు ఎక్కడ ఎంత కుంగిందో రాసుకోవడం రోజువారీ పని. అందువల్ల కొలవకుండా ఖర్చు పెట్టమంటే చేయి రాదు. ఆదివారం మధ్యాహ్నం బండిని వరండాలో గోడకు ఆనించి, హెల్మెట్, నీళ్ళసీసా, పనిముట్ల సంచి అన్నీ తగిలించుకొని ఎక్కి కూర్చున్నాను. మా అమ్మాయి స్టీలు టేపు పట్టుకొని నేల మీద బోర్లా పడుకుంది. ‘అమ్మా, ఊపిరి పీల్చినా అంకె మారుతోంది, కదలకు’ అని కసురుకుంటూ కొలిచింది. పెడల్ ఇరుసు, అంటే పెడళ్ళను మోసే రెండు చేతులూ (క్రాంకులు) కలిసే చోటు, నేల నుంచి ఖాళీ బండికి 305 మిల్లీమీటర్లు. నేను కూర్చున్నాక 300. ముందు ఫోర్కు నా బరువుకు ఒకటిన్నర సెంటీమీటర్లు దిగింది, టైరు కొంచెం అణిగింది. 300లోంచి క్రాంకు పొడవు 170 తీసేయాలి. పెడల్ మందం 30, అందులో సగం 15 తీసేయాలి. మిగిలింది 115. కిందికి దిగిన నా పెడల్‌కూ నేలకూ మధ్య ఉన్నది అంతే. నిటారుగా ఉన్నప్పటి లెక్క ఇది. మలుపులో బండి వాలితే బయటి మూల ఇంకా దిగుతుంది.

పళ్ళచక్రానికి లెక్క వేరు. చైను లంకె పొడవు అరంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 42 పళ్ళ చక్రం చుట్టుకొలత దాన్నిబట్టే తేలుతుంది. వ్యాసార్ధం 85, పైన చైను మందం ఒక నాలుగు, మొత్తం 89. అంటే నడుము దగ్గర నాకున్న ఎత్తు 211. ఆ పెద్ద పళ్ళచక్రం మీద ఉన్న చైనుతో నేలను గీకడం ఎంత సుఖంగా ఉంటుందో రామతీర్థం కొండల దిగువన తిరిగినవారికి చెప్పనక్కరలేదు.

మా విజయనగరం జిల్లా నేల ఒక తీరున ఉండదు కాబట్టి ఏ అంకె ఎక్కడ పనికొస్తుందో చెబుతాను. పూసపాటిరేగ దాటి చింతపల్లి తీరం వైపు వెళ్తే ఇసుక, సరుగుడు తోటలు. సరుగుడు కొట్టేశాక మిగిలిన మోళ్ళు జానెడు లోపు ఎత్తున, గడ్డి మాటున ఉంటాయి. నా 115 అంకెకు సరిగ్గా ఎదురు నిలిచేవి అవే. గంట్యాడ మీదుగా తాటిపూడి జలాశయం చుట్టుపక్కలకు వెళ్తే ఎర్ర గరప నేల, వాన నీళ్ళకు కోసుకుపోయిన గాడులు. గాడిలో చక్రం నడుస్తుంటే పెడళ్ళు రెండు పక్కల గోడలను ఒరుసుకుంటాయి. వరి కోతలయ్యాక పొలాల దారుల్లో ట్రాక్టరు గాడులు ఇంకా ఘోరం. తడిగా ఉన్నప్పుడు దిగబడి, సంక్రాంతి నాటికి ఇటుకలా గట్టిపడతాయి. రామతీర్థం దగ్గర రాయి మెట్టులా వస్తుంది. ముందు చక్రం ఎక్కుతుంది, వెనక చక్రం ఇంకా కిందే ఉంటుంది, మధ్యలో పళ్ళచక్రం రాతి అంచు మీద కూర్చుంటుంది. అక్కడ నాకు పెడల్ ఎత్తు పెరిగి లాభం లేదు, 211 పెరగాలి.

ఇక ఫోర్కు సంగతి. 100 మిల్లీమీటర్ల ట్రావెల్ (నొక్కుకొని దిగగలిగే దూరం) ఉన్న ఫోర్కు తీసి 120ది వేస్తే ముందు భాగం 20 లేస్తుంది, కాని అది ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నిలువున లెక్కిస్తే 19కి కాస్త తక్కువ. వెనక ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, సిరిమానును గుర్తు తెచ్చుకోండి. పూజారి కూర్చున్న కొస మేడల ఎత్తున ఊగుతుంటే, బండి దగ్గరి మొదలు జానెడు కూడా కదలదు. మన పెడల్ ఇరుసు మొదలుకే దగ్గర. నా బండిలో వెనక ఇరుసు నుంచి ముందు ఇరుసుకు 1080 మిల్లీమీటర్లు, పెడల్ ఇరుసు అందులో సుమారు 427 దగ్గర ఉంటుంది. అంటే ముందు లేచిన దానిలో నలభై శాతం కన్నా తక్కువే దీనికి దక్కుతుంది. లెక్క కడితే ఏడు మిల్లీమీటర్లు. కొత్త ఫోర్కు ఖరీదు ఆ ఏడుతో భాగించి చూడండి, ఆకలి చచ్చిపోతుంది.

ఆ ఏడు కూడా ఊరికే రావు. హ్యాండిల్ గొట్టం వాలు ఒక డిగ్రీ పడుకుంటుంది, నా బండిలో 69.5 నుంచి 68.5కి. దిగుడులో అది మంచిదే, బండి నిలకడగా ఉంటుంది. అయితే సీటు గొట్టం కూడా అదే డిగ్రీ వెనక్కి వాలుతుంది, నా బరువు వెనక చక్రం మీదికి జరుగుతుంది. శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి ఎక్కుడులో ముందు చక్రం ఇప్పటికే తేలిపోతూ ఉంటుంది. దాన్ని ఇంకా తేల్చుకోవడానికి డబ్బు ఇవ్వడం ఎందుకు? పైగా ప్రతి ఫ్రేముకూ కంపెనీ ఇంత ట్రావెల్ దాకా అని హద్దు చెబుతుంది. అది దాటితే హ్యాండిల్ గొట్టం అతుకుల మీద పడే భారం పెరుగుతుంది. ఉన్న ఫోర్కు మంచిదై, హద్దు లోపలే ఉంటే మాత్రం కొత్తది కొనకుండా దారి ఉంది. రాక్‌షాక్స్ జూడీ, రీకాన్ లాంటి గాలి ఫోర్కుల్లో లోపలి ఎయిర్ షాఫ్ట్ ఒక్కటీ మార్చి ట్రావెల్ పెంచుకోవచ్చు. నాది స్ప్రింగు ఫోర్కు, ఆ వెసులుబాటు లేదు. దాని తలపై ఉన్న ప్రీలోడ్ మరను బిగిస్తే కూర్చున్నప్పుడు దిగే ఆ ఒకటిన్నర సెంటీమీటర్లలో కొంత తగ్గుతుంది, స్ప్రింగు మాత్రం గట్టిపడదు. పూర్తిగా బిగిస్తే గుంటల్లో చక్రం కిందికి దిగడానికి జాగా ఉండదు, చేతులు తిమ్మిరెక్కుతాయి. నేను ముట్టుకోలేదు.

నేను మార్చినవి ఇవి. ముందుగా పెడళ్ళు. ముప్పై మిల్లీమీటర్ల మందం ఉన్న పాతవాటి స్థానంలో పదహారు మందం ఉన్న నైలాన్ పెడళ్ళు, పైన చిన్న ఇనుప మేకులు ఉన్నవి. సగానికి సగం లెక్కేస్తే ఏడు మిల్లీమీటర్లు. ఫోర్కు ఇస్తానన్న ఏడూ ఇక్కడే వచ్చేశాయి, హ్యాండిల్ వాలు మారలేదు, సీటు వాలు మారలేదు. నైలాన్‌కు ఇంకో గుణం ఉంది. రాయి తగిలితే అల్యూమినియం పట్టుకొని బండిని పక్కకు లాగేస్తుంది, నైలాన్ జారిపోతుంది. చెప్పులతో తొక్కేవారికి మాత్రం ఆ మేకులు పిక్కలకు మంచివి కావు.

తరువాత క్రాంకులు. మూడు పళ్ళచక్రాల పాత సెట్టు తీసేసి, 165 పొడవు క్రాంకులు, ఒక్క 30 పళ్ళ చక్రం వేయించాను. పొడవు వల్ల పెడల్ దగ్గర అయిదు వచ్చాయి. పళ్ళచక్రం దగ్గర వచ్చింది ఎక్కువ. 30 పళ్ళకు వ్యాసార్ధం 61 లోపు, చైనుతో కలిపి 65. అంటే ఒక్క దెబ్బకు 24 మిల్లీమీటర్లు. రామతీర్థం రాళ్ళకు నిజమైన మందు ఇదే. ఈ ఒంటి చక్రానికి పళ్ళు ఒకటి సన్నం, ఒకటి వెడల్పు చొప్పున ఉంటాయి, చైను లంకెల్లో కూడా అదే క్రమం కాబట్టి ముందు డిరైలర్ (చైనును ఒక పళ్ళచక్రం నుంచి మరోదానికి మార్చే పరికరం) లేకపోయినా ఊడిపోదు. పాత చక్రానికి ఆ నాలుగు పళ్ళ మీద ఇంతకు ముందు పడిన దెబ్బలు చూశాక అది పోయినందుకు బాధ కలగలేదు.

పోగొట్టుకున్నది ఏమిటో కూడా చెప్పాలి కదా. 42 చక్రం మీద, వెనక 11 పళ్ళ మీద, నిమిషానికి తొంభై చుట్లు తొక్కితే గంటకు 44 కిలోమీటర్లు. ఇప్పుడు 30 మీద 32 కిలోమీటర్ల దగ్గర కాళ్ళు ఖాళీగా తిరగడం మొదలవుతుంది. నెల్లిమర్ల నుంచి ఊళ్ళోకి వచ్చే రోడ్డు మీద, జూట్ మిల్లు దాటాక గాలి వెనక నుంచి ఉన్నప్పుడు, ఆ పెద్ద చక్రం గుర్తుకొస్తుంది. తొక్కి పోటీపడే వయసు కాదు, నాకు అభ్యంతరం లేదు. ఎక్కుడు గేరు నష్టపోకుండా వెనక క్యాసెట్ (పళ్ళచక్రాల దొంతర) 11–40ది వేయించాను. ఇందులో ఒక తిరకాసు ఉంది. అంత పెద్ద క్యాసెట్‌కు పొడవు చేయి ఉన్న డిరైలర్ కావాలి, అది కిందికి వేలాడుతుంది. ముందు సంపాదించిన ఎత్తు వెనక కొంత ఇచ్చుకున్నట్టే. ట్రాక్టరు గాడుల్లో గడ్డి దుబ్బులు దాన్ని పట్టుకొని లాగుతున్నాయి. అందుకని గాడిలోకి దిగేముందు వెనక చిన్న పళ్ళ మీదికి చైను మార్చుకోవడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు ఆ చేయి వెనక్కి మడుచుకొని కాస్త పైకి లేస్తుంది.

టైర్లు 2.1 నుంచి 2.25కి పెంచాను. మూడు మిల్లీమీటర్ల చిల్లర వచ్చింది. 2.35 కూడా ఎక్కేది, కాని వెనక ఫ్రేము గొట్టాలకూ టైరుకూ మధ్య నాలుగేసి మిల్లీమీటర్లే మిగిలేవి. తాటిపూడి ఎర్రమట్టి వానలో ఎలా అంటుకుంటుందో తెలిసినవారు ఆ పని చేయరు. రెండు మైళ్ళలో చక్రం తిరగడం మానేస్తుంది, మట్టిలోని గరుకు రాళ్ళు ఫ్రేము రంగును ఉలిలా చెక్కేస్తాయి. పక్కకు అయిదారు మిల్లీమీటర్లు వదలాలి. 27.5 చక్రాలు తీసేసి 29 వేస్తే పోదా అని మా ఆఫీసులో ఒక కుర్రవాడు అడిగాడు. రిమ్ము కొలత 584 నుంచి 622కి పెరుగుతుంది, సగం 19, ఇరుసు నేరుగా 19 లేస్తుంది. అంకె నోరూరిస్తుంది. నా ఫ్రేములో వెనక అంత చక్రం పట్టదు, అంతటితో ఆ మాట అయిపోయింది.

మొత్తం కలిపి మళ్ళీ వరండాలో కొలిస్తే పెడల్ కింద 130, నడుము కింద 238. మొదట ఉన్నవి 115, 211. సీటు ఎత్తు సర్దేటప్పుడు ఒక చిన్న సరదా ఉంది. క్రాంకు అయిదు తగ్గింది కాబట్టి కాలు సాగడానికి సీటు అయిదు పెంచాలి. పెడల్ పలచబడినందువల్ల పాదం ఏడు కిందికి వచ్చింది కాబట్టి సీటు ఏడు దించాలి. కడకు రెండు మిల్లీమీటర్లు దించాను. క్రాంకు కురచైన లాభం మోకాలికి పైన తెలుస్తుంది. పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు మునుపటి కన్నా తక్కువ మడుస్తుంది. నా ఎత్తున్నవారికి 170, 175 క్రాంకులు ఇచ్చి అమ్మడం ఏమి న్యాయమో నాకు అర్థం కాదు. పొట్టివారి ఫ్రేములకు పొట్టి క్రాంకులు ఇవ్వాలని ఇప్పుడిప్పుడే కంపెనీలకు తోస్తున్నట్టుంది.

ఇంతవరకూ వెనక సస్పెన్షన్ లేని బండి మాట. మా తమ్ముడిది రెండు వైపులా సస్పెన్షన్ ఉన్నది, విశాఖలో ఒకరి దగ్గర పాతది కొన్నాడు. ‘అప్పా, నాది 340, నీకన్నా మూడున్నర సెంటీమీటర్లు ఎత్తు’ అని మొదటి రోజే చెప్పాడు. కంపెనీ కాగితం మీద ఇరుసు ఎత్తు 340 అని ఉన్నమాట నిజం. మరి తాటిపూడి దారిలో నా వెనకే వస్తూ నాకన్నా ఎక్కువగా టకటకమని పెడళ్ళు కొట్టుకుంటున్నది ఎవరు?

సస్పెన్షన్ లేని రోజుల్లో ఇరుసు ఎత్తు ఒకే అంకె. 1989లో రాక్‌షాక్స్ ఆర్ఎస్-1 ఫోర్కు వచ్చింది, దాని కదలిక రెండంగుళాల లోపే. ఆ తరువాత ట్రావెల్ పెరిగిన కొద్దీ కాగితం మీది అంకెకూ మనిషి కూర్చున్నాక ఉండే అంకెకూ దూరం పెరుగుతూ వచ్చింది. మా తమ్ముడి బండిలో వెనక 120, ముందు 130. వాడిని వరండాలో కూర్చోబెట్టి చూస్తే వెనక షాక్ (వెనక చక్రం కుదుపును మింగే గాలి గొట్టం) మీది రబ్బరు రింగు 18 మిల్లీమీటర్ల దగ్గర ఆగింది. ఆ షాక్ మొత్తం కదలిక 45. అంటే నలభై శాతం కూర్చోగానే పోయింది. ఊరికే కూర్చున్నప్పుడు దిగే ఈ దిగుడునే సాగ్ అంటారు. ఇలాంటి బండికి 25 నుంచి 30 శాతం మధ్య ఉండాలి. ముందు ఫోర్కు కూడా ముప్పై శాతం దిగింది. రెండూ కలిసి ఇరుసును 43 మిల్లీమీటర్లు కిందికి తెచ్చాయి. 340 కాస్తా 297. అందులోంచి 175 క్రాంకు, పెడల్ సగం మందం 10 తీసేస్తే 112. నా పాత 115 కన్నా మూడు తక్కువ! మా అమ్మాయి టేపు చుట్టేస్తూ మావయ్య ముఖం వైపు చూడకుండా నవ్వింది.

తప్పు బండిది కాదు. అమ్మిన మనిషి బక్కగా ఉండేవాడు, గాలి ఆయన బరువుకు సరిపడా ఉంది. మా తమ్ముడు అలా లేడు.

గాలి పట్టడానికి షాక్ పంపు కావాలి. వాల్వు మోటారు సైకిలు ట్యూబుకు ఉన్నదే కాబట్టి పెట్రోలు బంకులో పట్టించవచ్చని కొందరు అనుకుంటారు. ఆ పని చేయకండి. షాక్ లోపలి జాగా టీ గ్లాసు కన్నా తక్కువ, బంకు గొట్టం ఒక్క ఊపులో ఎంత పోస్తుందో తెలియదు, పైగా షాక్‌కు కావలసిన ఒత్తిడి అక్కడ రాదు. చేతిపంపు మీద మెల్లగా 140 నుంచి 190 పీఎస్ఐ దాకా తెచ్చాం. మధ్యలో ఆపి, సీటు మీద బరువు వేసి అయిదారు సార్లు నిదానంగా నొక్కి వదలాలి. షాక్‌లో పైగది, కిందిగది అని రెండు ఉంటాయి, నొక్కితేనే గాలి రెండింటా సమంగా సర్దుకుంటుంది. తరువాత మళ్ళీ పట్టాలి. పంపు విప్పేటప్పుడు వచ్చే ‘తుస్’ శబ్దం గొట్టంలోని గాలిది, షాక్‌ది కాదు. మళ్ళీ తగిలించి చూస్తే అంకె తక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే గొట్టం నిండడానికి కొంత గాలి షాక్‌లోంచే పోతుంది. మా తమ్ముడు అది చూసి లీకు ఉందని బెంబేలెత్తిపోయాడు.

రబ్బరు రింగు 12.5 దగ్గర ఆగేలా చేశాం, అంటే 28 శాతం. ఫోర్కును 20 శాతానికి తెచ్చాం. ఇరుసు 310కి లేచింది, పెడల్ కింద 125. పైసా ఖర్చు లేకుండా 13 మిల్లీమీటర్లు. పంపు నాది.

అయినా ఆ మరుసటి ఆదివారం గాడుల్లో టకటకలు పూర్తిగా ఆగలేదు. విచిత్రం ఏమిటంటే మొదటి గుంట దగ్గర తగలదు, రెండో గుంటకూ తగలదు, నాలుగో అయిదో గుంటకు తగులుతుంది. ఇది ఎత్తు సమస్య కాదు, రీబౌండ్ సమస్య. నొక్కుకున్న షాక్ తిరిగి లేచే వేగాన్ని అదుపు చేసే ఎర్ర మర ఒకటి ఉంటుంది. మా తమ్ముడి షాక్‌లో అది పూర్తిగా నిదానం వైపు తిప్పి ఉంది. ఒక గుంటకు దిగిన వెనక భాగం పూర్తిగా లేవకముందే రెండోది వస్తుంది, ఇంకొంచెం దిగుతుంది, మూడోదానికి ఇంకొంచెం. అయిదో గుంట నాటికి బండి మోకాళ్ళ మీద నడుస్తూ ఉంటుంది. వరండాలో తీసిన అంకెలో ఇది ఎప్పటికీ కనిపించదు. మరను వేగం వైపు కొన్ని టిక్కులు తిప్పి, వీధి అరుగు మీద నుంచి సీటు మీద కూర్చునే దిగమన్నాను. దిగాక వెనక భాగం ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండుసార్లు ఊగితే వేగం ఎక్కువైనట్టు, ఊగకుండా బద్ధకంగా లేస్తే ఇంకా నిదానంగా ఉన్నట్టు. అలా వెతుక్కుంటూ ఒకచోట ఆపాం. గాలి పెంచినప్పుడల్లా రీబౌండ్ మళ్ళీ చూసుకోవాలి, ఎందుకంటే గట్టి గాలి షాక్‌ను మునుపటి కన్నా విసురుగా వెనక్కి తోస్తుంది.

సాగ్ ఇంకా తగ్గించి 20 శాతానికి తెస్తే ఇంకో అయిదో ఆరో మిల్లీమీటర్లు వస్తాయి కదా అన్నాడు. వస్తాయి. కాని చక్రం గుంటలోకి దిగడానికి ఉపయోగపడేది ఆ సాగే. అది లేకపోతే చక్రం గుంట మీదుగా తేలిపోతుంది, గరప మీద బ్రేకు వేస్తే పట్టు దొరకదు. రెండువైపులా సస్పెన్షన్ ఉన్న బండికి అంత డబ్బు పెట్టి, దాన్ని నా బండిలా చేసుకోవడం దేనికి? ఆ ఫ్రేములో వెనక లింకు దగ్గర తిప్పి పెట్టుకునే చిన్న బిళ్ళ కూడా ఉంది, ఫ్లిప్ చిప్ అంటారు. దాన్ని ఎత్తు వైపు తిప్పితే ఇరుసు కొన్ని మిల్లీమీటర్లు లేచి, హ్యాండిల్ గొట్టం అర డిగ్రీలోపు నిలువవుతుంది. తిప్పి చూశాడు. రాళ్ళ ఎక్కుడులో బాగుందన్నాడు, జలాశయం గట్టు దిగే మలుపుల్లో బండి మీద కూర్చున్నట్టు కాక బండిపైన నిలబెట్టినట్టు ఉందన్నాడు. ఎత్తు పెరిగితే బరువు కేంద్రం కూడా లేస్తుంది, మలుపులో అదే తెలుస్తుంది. 1990ల నాటి మౌంటెన్ బైకుల్లో 71 డిగ్రీల నిలువు హ్యాండిల్ గొట్టాలు మామూలు, ఇప్పుడు ట్రయల్ బైకుల్లో 65, 66 కనిపిస్తున్నాయి. ఇరుసు కిందికి, చక్రాలు దూరంగా, గొట్టం వాలుగా, అంతా దిగుడులో నిలకడ కోసం. ఆ బండ్లు గీసినవారి మనసులో ఉన్నది కొండ దిగుడు, మన ట్రాక్టరు గాడి కాదు. బిళ్ళ మళ్ళీ మొదటిచోటికే వచ్చింది.

అన్నీ చేశాక కూడా తగిలేవి తగులుతాయి. అప్పుడు కాలి పని ఉండాలి. గాడిలో పూర్తి చుట్టు తొక్కకుండా కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి, మళ్ళీ కొంచెం ముందుకు అన్నట్టు పెడళ్ళను సమంగా ఉండే చోటుకు అటూ ఇటూనే ఆడించాలి. ఇందులో హబ్, అంటే చక్రం నడిమి భాగం, పాత్ర ఉంది. వెనక హబ్ చుట్టుకు 18 చోట్ల పట్టుకునేదైతే, ప్రతిసారీ 20 డిగ్రీల దాకా కాలు ఖాళీగా పోయాకగాని బలం అందదు. ఎక్కుడులో ఆ ఖాళీ చాలు బండి ఆగిపోవడానికి. నా హబ్ అలాంటిదే, కాబట్టి నేను గాడి రాకముందే కాస్త వేగం కూడబెట్టుకుంటాను. సరుగుడు మోళ్ళ దగ్గర ఏ మిల్లీమీటరూ కాపాడదు. గడ్డి ఉన్న తోటలో బండి దిగి నడిపించడమే.

తమ్ముడు తను వేయిద్దామనుకున్న 150 ఫోర్కు మాట మానేసి ఇప్పుడు 165 క్రాంకుల ధరలు చూస్తున్నాడు. నా బండిలో ఇరుసు చదరపు కొసలది, ఆ క్రాంకులు తేలిగ్గా, చౌకగా దొరికాయి. వాడిది గుల్ల ఇరుసు, 24 మిల్లీమీటర్లది, దానికి సరిపడే కురచ క్రాంకులు కాస్త ఖరీదు. వస్తే వాడి 125 కాస్తా 135 అవుతుంది, సీటు పది పెంచుకోవాలి. 32 పళ్ళ చక్రం తీసి 30ది వేస్తే కురచ క్రాంకు వల్ల తగ్గే బలం సరిపోతుంది, నడుము కింద ఇంకో నాలుగు కలిసొస్తాయి. ఈలోగా మీరెవరైనా ఇటు వైపు దారుల్లో తిరిగేవారుంటే, కూర్చున్నాక తీసిన ఇరుసు ఎత్తు, క్రాంకు పొడవు, పెడల్ మందం, ఈ మూడూ రాసి పంపండి. కాగితం మీది అంకెలు వద్దు, అవి నా దగ్గర ఉన్నాయి.